జారిపోయిన చెప్పు

మా పెదనాన్న లారీ డ్రైవర్. విజయవాడ నుంచి కోల్‌కతా దాకా ఏ ఊళ్ళో డీజిల్ బంకు ఉందో, ఏ దాబాలో పప్పు బాగుంటుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఇంగ్లీష్ మీడియంలో నేను టేబుల్స్ బట్టీ కొడుతుంటే ‘ఏడెనిమిదులు ఎంతరా?’ అని తెలుగులో అడిగి ఇరికించేవాడు.

నేను టెన్త్‌కి వచ్చేసరికి మనిషి మారిపోయాడు. చెప్పిందే మళ్ళీ చెప్పడం, ఉప్పు తెస్తానని కొట్టుకెళ్ళి ఖాళీ చేతులతో రావడం. నడుస్తుంటే కాలి చెప్పు జారి వెనకే ఉండిపోయేది. ఆయనకి తెలిసేది కాదు. ఒకరోజు వాకిట్లో అలాగే జరిగితే ‘మళ్ళీ తాగొచ్చాడు’ అన్నాను, వినపడేలా. ఆయన ఏమీ అనలేదు. వెనక్కెళ్ళి చెప్పు తొడుక్కుని వచ్చాడు.

ఇంటర్ అయ్యాక అమ్మ అసలు విషయం చెప్పింది. హెచ్‌ఐవి.

అప్పటిదాకా నాకు తెలిసింది బయాలజీ పుస్తకంలో ఉన్నంతే: రోగనిరోధక శక్తి తగ్గిపోతుందని. అది మెదడునీ, నరాలనీ కూడా పట్టుకుంటుందని తెలీదు. వైరస్ ఒంట్లోకి వచ్చిన కొన్ని వారాల్లోనే మెదడుకి చేరగలదట. న్యూరాన్లని నేరుగా పట్టుకోదు, వాటికి కాపలా ఉండే మైక్రోగ్లియా కణాల్లో చేరుతుంది. అక్కడి వాపు వల్ల న్యూరాన్లు దెబ్బతింటాయి. ఆలోచన నెమ్మదిస్తుంది, మతిమరుపు వస్తుంది. పాదాల నరాలు దెబ్బతింటే స్పర్శ తగ్గుతుంది. జారిన చెప్పు తెలియకపోవడం అందుకే. సీడీ4 కణాలు 200 కంటే తగ్గితే మెదడువాపు జబ్బులు ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే మందులు తొందరగా మొదలుపెట్టాలి, ఒక్కరోజు కూడా మానకూడదు. మన దేశంలో ప్రభుత్వం 2004 నుంచీ ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. పెదనాన్న అవే వాడుతున్నాడు. మునుపటికంటే నయం. కానీ లారీ ఎక్కడం మానేశాడు.

రోజూ రాత్రి తొమ్మిదికి మాత్ర. మర్చిపోకుండా ఆయన ఫోన్‌లో నేనే అలారం పెట్టాను. ‘పేరేం పెట్టను?’ అంటే ‘లారీ అని పెట్టు. ఎవరు చూసినా ఇబ్బంది లేదు’ అన్నాడు. ఇది రాయడానికి కూడా ఆయన్ని అడిగాను. ‘పేరు, ఊరు వద్దు’ అన్నాడు.

ఆ చెప్పు సంగతి మర్చిపోయుంటాడని ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నాను. సంక్రాంతి సెలవుల్లో తనే ఎత్తాడు.

‘ఆ రోజు నేను తాగలేదురా.’

‘తెలుసు పెదనాన్నా’ అన్నాను. సారీ మాత్రం నోటికి రాలేదు.