తలకోన వాన, ఎర్రచందనం బొమ్మ

బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే మా తిరుపతి వైపు ముసురు పట్టినట్టే. కార్తీకంలో మా చెరువులు నిండేది ఆ వానలకే. ఊరంతా తలుపులు వేసుకునే ఆ రోజుల్లోనే మా నాయన మమ్మల్ని తలకోనకు బయల్దేరదీసేవాడు. ఎండాకాలంలో సన్నబడే జలపాతాన్ని వానలోనే చూడాలని ఆయన పట్టుదల.

చంద్రగిరి, రంగంపేట దాటి భాకరాపేట కనుమ ఎక్కుతుంటే వ్యాను అద్దాలకు ఆవిరి పట్టేది. అవ్వ ఒడిలో పులిహోర గిన్నె, పక్కన అలసంద వడల పొట్లం. ఎర్రచందనం మాన్లు కనపడగానే నాయన బండి ఆపించేవాడు.

వానకు తడిసిన ఆ బెరడు దాదాపు నల్లగా ఉంటుంది. నిలువునా అడ్డంగా చీలి, చిన్న చిన్న పలకలుగా విడిపోయి, మొసలి వీపులా గరుకుగా తగులుతుంది. ఆ పలకల సందుల్లోంచి నీళ్లు వంకరటింకరగా దిగేవి. ఎక్కడైనా గాటు పడి ఉంటే అక్కడ ముదురెరుపు జిగురు. "చెయ్యి పెట్టి చూడు నాయనా, మన కొండల్లో తప్ప ఇది ఇంకెక్కడా దానంతటది మొలవదు" అనేవాడు. నిజమే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండలు, నల్లమలలో కొంత మేర, ఆ రాతినేలలే దాని పుట్టిల్లు.

నెరబైలు దాటితే తలకోన. సిద్ధేశ్వరస్వామికి దండం పెట్టుకుని పైకి నడిచేవాళ్లం. చెట్టు మీంచి చెట్టుకు పాకిన గిల్లతీగలు, కాళ్ల కింద కుళ్లిన ఆకుల వాసన, ఎదురుగా 270 అడుగుల ఎత్తు నుంచి దూకే నీళ్లు.

అడవిలో చూసిన ఆ మాను మా ఇంట్లోనూ ఉండేది, బొమ్మ రూపంలో. తిరుపతి అంగళ్లలో ఎర్రచందనంతో చెక్కిన రాజారాణి జంటలు అమ్మేవాళ్లు. పిల్లలు వాటితో బొమ్మల పెండ్లిళ్లు చేసేవాళ్లు. పసిబిడ్డకు ఒళ్లు కాగితే అవ్వ ఆ రాణిబొమ్మనే తీసి, సానమీద నాలుగు పాలచుక్కలు వేసి అరగదీసి, ఆ ఎర్రటి గంధం బిడ్డకు పూసేది. తరాలుగా అరిగి ఆ రాణికి ముక్కు, కళ్లు పోయాయి. నున్నటి ముఖం మాత్రం మిగిలింది.

ఇప్పుడు ఆ బొమ్మలు ఇళ్లలో అరుదు. జపానులో శామిసెన్ వాద్యం చేయడానికి ఈ కొయ్యను కోరుకుంటారు. విదేశాల్లో గిరాకీ పెరిగేకొద్దీ గొడ్డలి కొండ లోతుల్లోకి పోయింది. 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం వచ్చింది. 1995లో ఎర్రచందనం అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ ఒప్పందపు నియంత్రణ వచ్చింది. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఇన్ని కాపలాలున్నా దొంగ నరుకుడు ఆగలేదు. ఖరీదు పెరిగిన చెట్టు, దాని పక్కనే పుట్టి పెరిగిన మనుషులకు పరాయిదైపోయింది. ఈ తరం పిల్లలకు ఎర్రచందనమంటే పట్టుబడిన దుంగల వార్తే.

ఈ మాను చేవదేరడానికి దశాబ్దాలు పడుతుంది. కొట్టేసినదాన్ని మన కాలంలో మళ్లీ చూడలేం. అందుకే నా మనవి: తలకోనకు పోయేటప్పుడు పిల్లలకు దుంగను కాదు, నిలబడి ఉన్న మానును చూపించి పేరు చెప్పండి. మీ పాత పెట్టెల్లో అరిగిన కొయ్యబొమ్మ దొరికితే పారెయ్యకండి. అది ఎవరింట్లో ఎవరికి అరగదీశారో పిల్లలకు చెప్పి, వాళ్ల చేతికే ఇవ్వండి.