కుర్సీలో కూచున్నోడి జబాన్

మావాడు అర్ధరాత్రి ఫోన్ పట్టుకుని ఒక్కడే నవ్వుకుంటుంటే, అసలు సంగతేంటో చూద్దామని వెళ్లి పక్కన కూచున్నాను. ఫోన్‌లో ఇద్దరు నడివయసు మనుషులు. సూట్లు వేసుకుని, పెద్ద స్క్రీన్ ముందు నిలబడి కీచులాడుకుంటున్నారు. ఒకడు వేలితో స్క్రీన్ మీద గీత గీసి "ఇదిగో వీడు ఇక్కడ ఉండాల్సింది" అంటున్నాడు. రెండోవాడు ఒప్పుకోవడం లేదు.

"ఎవర్రా వీళ్లు?"

"ఈయన గ్యారీ నెవిల్ అబ్బా, మాంచెస్టర్ యునైటెడ్. ఆయన జేమీ కారగర్, లివర్‌పూల్. ఒకప్పుడు జానీ దుష్మన్లు. ఇప్పుడు ఇద్దరిదీ ఒకే నౌకరీ."

"ఏం నౌకరీ?"

"ఆడేవాళ్ల గలతీలు చెప్పడం."

కారగర్ పేరు విని నవ్వొచ్చింది. మన ఉర్దూలో దవా పనిచేస్తే కారగర్ అయిందంటాం కదా. కానీ వాడి ఆఖరి మాట విన్నాక నా నవ్వు ఆగిపోయింది. తన్ఖా లేకుండా ఇరవై ఏళ్లు నేనూ అదే నౌకరీ చేశాను. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు నెవిల్ కథ వినండి. ఆ రాత్రి నుంచి చాలా రోజులు నేను ఆయన వెంటే పడ్డాను.

మాంచెస్టర్ పక్కన బెరీ అనే ఊరు. 1975లో అక్కడ పుట్టాడు. యునైటెడ్ కుర్రాళ్ల జట్టులో చేరినప్పుడు చుట్టూ ఉన్నది గిగ్స్, బెక్‌హామ్, బట్. 1992లో యూత్ కప్ గెలిచిన జట్టు అది. వాళ్ల కాళ్లల్లో ఖుదా ఇచ్చిన హునర్ ఉంది. తన కాళ్లల్లో అంత లేదని నెవిల్‌కి బాగా తెలుసు. తెలిశాక ఇద్దరే మిగులుతారు. ఒకడు ఏడుస్తూ కూచుంటాడు, ఇంకొకడు తెల్లారకముందే లేస్తాడు. నెవిల్ రెండో రకం. అదే ఏడాది యూరప్ పోటీలో టార్పిడో మాస్కో మీద మొదటిసారి సీనియర్ జట్టు కమీజు తొడుక్కున్నాడు. 2011లో విప్పేదాకా ఇంకో క్లబ్బు కమీజు ముట్టలేదు. మొత్తం 602 మ్యాచులు. లీగ్ టైటిళ్లు ఎనిమిది. ఇంగ్లండ్‌కి 85 మ్యాచులు ఆడాడు, ఒక్క గోల్ కూడా కొట్టలేదు.

ఆయన ఆడింది రైట్ బ్యాక్. అంటే కుడి పక్క గీత వెంబడి కాపలా కాసేవాడు. ముందు బెక్‌హామ్ ఉంటాడు. కెమెరా బెక్‌హామ్ మీద, అమ్మాయిల కళ్లు బెక్‌హామ్ మీద. వెనకాల నుంచి పరిగెత్తుకొచ్చి వాడికి జాగా చేసిపెట్టి, మళ్లీ వెనక్కి పరిగెత్తేది నెవిల్. 1999 చాంపియన్స్ లీగ్ ఫైనల్ చూడండి. బయెర్న్ మ్యూనిక్ మీద ఒక గోల్ వెనకబడి ఉన్నారు, టైమ్ అయిపోయింది. కుడి పక్క ఉండాల్సిన మనిషి త్రో వేయడానికి మైదానం దాటి ఎడమ పక్కకి పరిగెత్తాడు. ఆ దాడిలోంచే కార్నర్ దొరికింది. కార్నర్ బెక్‌హామ్ కొట్టాడు, గోల్ షెరింగ్‌హామ్ వేశాడు. ఆ తర్వాత సోల్‌షేర్ ఇంకోటి వేశాడు. దునియాకి గుర్తున్నది ఆ ముగ్గురి పేర్లు. ఆ పరుగు ఎంతమందికి గుర్తుంది?

కారగర్ ఒకసారి టీవీలోనే ఆయన మొహం మీద అన్నాడు, పెద్దయ్యాక గ్యారీ నెవిల్ అవుదామని ఏ పిల్లాడూ అనుకోడని. నెవిల్ కూడా నవ్వాడు. అన్నవాడూ డిఫెండరే కాబట్టి ఆ మాట చెల్లింది.

వాళ్ల దుష్మనీ ఉత్తుత్తిది కాదు. 2006 జనవరిలో లివర్‌పూల్ మీద ఆఖరి నిమిషంలో ఫెర్డినాండ్ గోల్ వేస్తే, నెవిల్ లివర్‌పూల్ అభిమానుల వైపు పరిగెత్తి, కమీజు మీద క్లబ్బు గుర్తు పట్టుకుని అరిచాడు. ఐదు వేల పౌండ్ల జుర్మానా పడింది. అదే ఏడాది అక్టోబర్‌లో, జాగ్రెబ్‌లో క్రొయేషియా మీద ఆడుతూ వెనక్కి తన గోల్‌కీపర్‌కి బంతి తోశాడు. మామూలు పాస్. బంతి గడ్డిలో ఎగిరి పడింది, రాబిన్సన్ కాలు గాలిలో ఊగింది, బంతి సొంత గోల్‌లోకి. ఇక కారగర్ అయితే 1999లో యునైటెడ్ మీద ఒకే మ్యాచ్‌లో రెండు సొంత గోళ్లు వేసుకున్న ఘనుడు. ఒకడి జఖం ఇంకొకడికి తెలుసు. వాళ్ల హాస్యం చేదుగా లేకపోవడానికి కారణం ఇదేనని నాకనిపిస్తుంది.

2011 జనవరి 1న వెస్ట్ బ్రామ్ మీద ఆడిన మ్యాచ్ నెవిల్‌కి ఆఖరిది. యునైటెడ్ గెలిచింది. కానీ ఆయన కాళ్లు అయిపోయాయని ఆయనకే అర్థమయింది. నెల తిరిగేసరికి ఆట ఆపేస్తున్నట్టు ఎలాన్ చేశాడు. ఆ ఏడాదే స్కై టీవీలో కుర్సీ దొరికింది. ఆట గురించి విడమర్చి చెప్పేవాళ్లని ఇంగ్లిష్ వాళ్లు పండిట్లు అంటారు. మన పండితుడే అక్కడికి వెళ్లి టై కట్టుకున్నాడన్నమాట.

ఆ కుర్సీలో నెవిల్ కొత్త సంగతి ఒకటి చేశాడు. అంతకుముందు చాలామంది గోల్ చూపించి "వాహ్" అనేవాళ్లు. ఈయన గోల్‌కి పది సెకండ్ల ముందు బొమ్మ ఆపుతాడు. బంతి దగ్గర లేని మనిషిని చూపిస్తాడు. ఇతను రెండడుగులు ముందుకొచ్చాడు, అందుకే వెనక తలుపు తెరుచుకుంది అంటాడు. ఇరవై ఏళ్లు ఎవరూ చూడని చోట నిలబడినవాడికే తెలిసే ఇల్మ్ అది. రెండేళ్లకి కారగర్ వచ్చి చేరాడు. సోమవారం రాత్రి ప్రోగ్రామ్ ఒక మదరసాలా తయారైంది. ఆడేవాళ్లు, కోచ్‌లు కూడా వాళ్ల మాట వినక తప్పలేదు.

ఇప్పుడు నా కుర్సీ సంగతి.

మా భాయిజాన్‌కి ప్రింటింగ్ ప్రెస్ ఉంది. షాదీ కార్డులు, బిల్ బుక్కులు, ఎలక్షన్లొస్తే పాంప్లెట్లు. నేను గవర్నమెంట్ నౌకరీ. సాయంత్రం ఇంటికి పోయే దారిలో ప్రెస్‌లో ఆగి, కటింగ్ మిషన్ పక్కనున్న స్టూల్ మీద కూచునేవాణ్ణి. చాయ్ వచ్చేది. చాయ్‌తో పాటు నా జబాన్ మొదలయ్యేది. "ఉధారీ ఎందుకిస్తారు భాయిజాన్? ప్రూఫ్ ఇద్దరు చూడాలి కదా. ఈ కుర్రాడు సరిగా చెయ్యట్లేదు, తీసెయ్యండి." నేను చెప్పినవాటిలో చాలావరకు నిజమే. నా కళ్లు అబద్ధం చెప్పలేదు. భాయిజాన్ "హా, చూద్దాం చోటే" అని మిషన్ వైపు తిరిగేవారు. ఆయనకి చేతకాదని నేను అనుకునేవాణ్ణి. ఒకసారి నా చేతికిస్తే చూపిస్తా అని భాబీతో కూడా అన్నాను.

నెవిల్‌కీ అలాగే ఒకరోజు తాళాలు చేతికొచ్చాయి. 2015 డిసెంబర్‌లో స్పెయిన్‌లోని వలెన్సియా క్లబ్బు ఆయన్ని కోచ్‌గా పిలిచింది. ఆ క్లబ్బు మాలిక్ పీటర్ లిమ్‌కి, నెవిల్ దోస్తులు కలిసి కొనుక్కున్న సాల్‌ఫర్డ్ అనే చిన్న క్లబ్బులో కూడా అప్పట్లో వాటా ఉండేది. తమ్ముడు ఫిల్ అప్పటికే వలెన్సియాలో సహాయ కోచ్. ఇంగ్లండ్ జట్టులో సహాయకుడిగా చేశాడే కానీ, ఒక జట్టుకి తానే జిమ్మేదారుగా నెవిల్ అంతకుముందు ఎప్పుడూ లేడు. స్పానిష్ జబాన్ సరిగా రాదు. మాటే ఆయుధమైన మనిషి, తన మాట వేరేవాడి నోటితో చేరే దేశానికి వెళ్లాడు.

లీగ్‌లో మొదటి గెలుపు ఫిబ్రవరి నడిమికి గానీ రాలేదు. దానికి పదిరోజుల ముందే, 2016 ఫిబ్రవరి 3న, కోపా డెల్ రే సెమీఫైనల్‌లో బార్సిలోనా మీద 7-0తో ఓడిపోయారు. సువారెజ్ నాలుగు, మెస్సీ మూడు. గీత దగ్గర కోటు వేసుకుని నిలబడ్డ నెవిల్‌ని చూశాను, మావాడే చూపించాడు. అక్కడ బొమ్మ ఆపే బటన్ లేదు. ఎవడు రెండడుగులు ముందుకొచ్చాడో ఆయనకి అందరికన్నా ముందే కనపడుతూ ఉండి ఉంటుంది. కనపడీ ఏమీ చేయలేకపోవడం ఎలా ఉంటుందో ఆ మొహంలో ఉంది. మార్చి 30న తీసేశారు. 28 మ్యాచుల్లో 10 గెలుపులు. నాలుగు నెలలు కూడా నిండలేదు. ఆ జూన్‌లో ఇంగ్లండ్ యూరో కప్పులో ఐస్‌లాండ్ చేతిలో ఓడిపోతే, హాడ్జ్‌సన్‌తో పాటు ఆ నౌకరీ కూడా పోయింది.

భాయిజాన్‌కి గుండె ఆపరేషన్ అయినప్పుడు నేను లాంగ్ లీవ్ పెట్టి ప్రెస్‌లో కూచున్నాను. దాదాపు అన్నే నెలలు. మొదటి వారంలోనే ఉధారీ బంద్ చేశాను. ఇరవై ఏళ్ల గిరాకీ ముగ్గురు సలాం కూడా చెప్పకుండా ఎదురు ప్రెస్‌కి వెళ్లిపోయారు. ఆ కుర్రాణ్ణి గద్దిస్తే వాడు రావడం మానేశాడు. రెండ్రోజులు మిషన్ ఆగిపోయాక తెలిసింది, దాని మిజాజ్ వాడికొక్కడికే తెలుసని. అన్నిటికన్నా పెద్దది, ఒక షాదీ రుఖా. మూడొందల కార్డులు. ప్రూఫ్ నేనే చూశాను, రెండుసార్లు. వలీమా తారీఖు నిఖాకి ముందురోజు పడింది. పెళ్లికూతురి అబ్బాజాన్ కార్డుల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టి, తిట్టకుండా, "మీ అన్న ఎప్పుడొస్తారు బేటా?" అని అడిగారు. నాకు యాభై దగ్గరపడింది. ఆ బేటా అనే మాటకి తలెత్తలేకపోయాను.

సొంత డబ్బుతో మళ్లీ కొట్టించి ఇచ్చాను. భాయిజాన్ తిరిగొచ్చి లెక్కల పుస్తకం ఒకసారి తిరగేసి మూసేశారు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఏడాదిపాటు నేను ఆ దారినే పోలేదు. ఒకసారి ఓడినవాడికి ఇంకొకరి గలతీ ఎత్తే హఖ్ ఉండదనుకున్నాను. నోరు మూసుకోవడమే షరాఫత్ అనుకున్నాను.

అందుకే ఆ రాత్రి ఫోన్‌లో నెవిల్ నవ్వు చూసి ఆశ్చర్యపోయాను. ఈ మనిషి మళ్లీ అదే కుర్సీలోకి ఎలా వచ్చాడు? వచ్చాడు. ఓటమి దాచుకోలేదు. వలెన్సియా పేరెత్తి కారగర్ ఏడిపిస్తే పడ్డాడు. తన గలతీలు తనే చెప్పుకున్నాడు. కోచ్‌లని విమర్శించడం మానలేదు, కానీ ఇప్పుడు ఆయన మాటల వెనక ఆ 7-0 ఎప్పుడూ ఉంటుంది. వినేవాళ్లకీ తెలుసు, ఆయనకీ తెలుసు.

2021 ఏప్రిల్ 18న యూరప్‌లోని పన్నెండు పెద్ద క్లబ్బులు తమకి మాత్రమే వేరే లీగ్ పెట్టుకుంటామన్నాయి. అందులో యునైటెడ్ కూడా ఉంది. ఆ రోజు టీవీలో నెవిల్ తన యునైటెడ్‌ని కూడా కడిగేశాడు. ఉప్పు తిన్న ఇంటిని. రెండ్రోజుల్లో ఆరు ఇంగ్లండ్ క్లబ్బులూ వెనక్కి తగ్గాయి. అభిమానులు రోడ్ల మీదకొచ్చారు, ప్రభుత్వం కూడా ఎదురు నిలిచింది. ఒక్క నోటితో అయిన పని కాదు, నిజమే. కానీ ఆ గంటలో ఎవరో ఒకరు ముందు అనాలి కదా. వలెన్సియాలో ఓడినవాడివి, నీకెందుకని ఆయన ఊరుకుని ఉంటే?

ఆయన్ని ఫరిష్తాని చెయ్యను. 2022లో ఖతర్‌లో మజ్దూర్ల గురించి మాట్లాడుతూనే ఖతర్ వాళ్ల చానెల్‌కి కూడా పనిచేశాడు. ఒక టీవీ షోలో మొహం మీదే అడిగారు, జవాబు సరిగా కుదరలేదు. ఎంత పెద్ద కుర్సీ అయినా, దాని ముందు ఇంకో కుర్సీ వేసి ఎవరో ఒకరు కూచుంటారు.

పోయిన నెల మళ్లీ ప్రెస్‌కి వెళ్లాను. ఆ కుర్రాడు తిరిగొచ్చి పనిలో ఉన్నాడు. నన్ను చూసి స్టూల్ తుడిచాడు. చాయ్ వచ్చింది. భాయిజాన్ కళ్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని ఒక షాదీ కార్డు ప్రూఫ్ నా వైపు జరిపారు. "నువ్వొకసారి చూడు చోటే."

మొత్తం మూడుసార్లు చదివాను. మూడోసారికి ఫంక్షన్ హాల్ పేరులో ఒక ఒత్తు పోయినట్టు కనపడింది. పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టాను.

"భాయిజాన్, ఇక్కడ ఒక్కసారి చూస్తారా? నా కళ్లే పొరపాటేమో."

ఆయన చూసి, దిద్ది, కుర్రాడికి ఇచ్చారు. "నీ కళ్లు ఎప్పుడూ మంచివేరా," అన్నారు. చాయ్ చల్లారకముందు తాగమన్నారు.