మిర్యాలగూడలో ఒక బాలికల బడి

సూర్యాపేటలో బయలుదేరి, కోదాడ, హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరాను. దారిపొడుగునా వరిచేలు, ఊరు దగ్గరపడగానే వరసగా బియ్యపు మిల్లులు. అంతా నాగార్జునసాగర్ ఎడమకాలువ చలవ. ఆ ఆనకట్టకు 1955లో పునాదిరాయి వేసేనాటికి ఈ నేల చాలావరకు వానకోసం ఎదురుచూసేదే.

బాలికల బడిలో "ప్రపంచ పౌరసత్వం" గురించి మాట్లాడమన్నారు. అంత పెద్దమాటకు నేనూ కాస్త బెదిరాననుకోండి! ముందుగా పిల్లలను పలకరించాను. 2020 సెప్టెంబరు 1 నుంచి టీశాట్‌లోనూ, దూరదర్శన్ యాదగిరిలోనూ పాఠాలు చెప్పారు గదా, ఎలా చదివావమ్మా అని ఒక అమ్మాయినడిగాను.

"అప్పుడు మూడో తరగతి సార్. ఇంట్ల ఫోను ఒక్కటే, అది అన్నకే. టీవీల నా పాఠం వచ్చే యాళకు అమ్మ బర్రెల కాడికి తోలేది."

నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రోజుల్లో మా యింట్లోనూ మంచి ఫోను అబ్బాయి చేతికే వెళ్ళింది.

పిల్లలు చేతులు కడిగిన నీళ్ళను బకెట్లలో పట్టి కరివేపాకు చెట్లకు పోస్తున్నారు. కాలువ ఉన్న ఊళ్ళో ఇంత పొదుపెందుకన్నాను.

"మా పొలం కాలువ చివర సార్. పైవాళ్ళు తోచినంత మలుపుకుంటే మా దాకా రావు. వాళ్ళకు మేం కనపడం గద!"

రాసుకువెళ్ళిన ఉపన్యాసం జేబులోనే ఉంచేశాను. ఆ మాటే మరోసారి, అందరికీ వినపడేలా చెప్పమన్నాను.