గుడియాత్తంలో నాలుగు ప్లేట్లు

వేలూరులో కాపురముంటూ గుడియాత్తం వెళ్ళిరావడాన్ని యాత్ర అంటే పాఠకులు నవ్వుతారేమో. కాట్పాడిలో బండి ఎక్కితే లత్తేరి దాటి, పొట్లంలోని ఇడ్లీలు ముగిసేలోగా దిగవలసి ఉంటుంది. అయినా మొన్నటి ఆదివారం మేమిద్దరం వెళ్ళిన పని చిన్నది కాదు. సంఘంలో అందరూ పెదనాయనగారని పిలిచే పెద్దాయన ఒకరు అక్కడ ఉన్నారు. వారి వద్దనుంచి కబురు వచ్చినది: "మీ యింట్లో ఆ ఇంగ్లీషు బ్యాండు పాటల పెట్టెలున్నవి గదా, వాటి అట్టలన్నీ పట్టుకుని రండి. నా ప్లేట్లకు పేర్లు పోయినవి."

ఈ పెట్టెల సంగతి ముందు చెప్పాలి. 1935 మొదలు సుమారు పదేళ్ళపాటు అమెరికాలో స్వింగ్ అనే బాణీ రాజ్యమేలింది. స్వింగ్ అంటే ఊగడమే. బూరలు ఒక వరుస, క్లారినెట్లూ శాక్సఫోన్లూ ఒక వరుస, వెనుక పియానో, గిటారు, బాసు, డ్రమ్ములు. పదిహేనుమంది దాకా నాలుగు దెబ్బల నడకలో కలిసి వాయిస్తూంటే కూర్చున్నవాడి కాలు దానంతటదే ఆడుతుంది. బెన్నీ గుడ్‌మన్, డ్యూక్ ఎల్లింగ్టన్, కౌంట్ బేసీ ఆనాటి మహారాజులు. పది అంగుళాల ప్లేటులో ఒక పక్కకు మూడు నిమిషాలే పట్టేది. ఆ పాత ప్లేట్లను వెదకి, గీతల చప్పుడు తగ్గించి, లాంగ్ ప్లే రికార్డులుగా, తరువాత సీడీలుగా మళ్ళీ అచ్చు కొట్టడం ఒక పెద్ద విద్య అయినది. ఇంగ్లండులో జాన్ ఆర్. టి. డేవిస్ అనే ఆయన పాటను టేపు మీదికెక్కించి, 'టక్' మన్నచోటల్లా టేపు పూతను చేత్తో గీకి తీసేవాడట! మేము పోగుచేసేది ఈ రకపు పునర్ముద్రణలను. త్యాగరాజస్వామి వారి కీర్తనలుండగా ఈ బూరల గోల ఏమిటని మా సంఘంలో అడగనివారు లేరు. అవీ వింటాము, ఇవీ వింటాము. అంతకంటే జవాబు మా దగ్గర లేదు.

గుడియాత్తంలో స్టేషను ఊరికి కొంచెం ఎడంగా ఉన్నది. ఆటోలో పోతూంటే వీధుల్లో లుంగీల మూటలు, అగ్గిపెట్టెల అట్టలు కనబడతవి. ఊరి నడుమ కౌండిన్య నది. ఇది మన చిత్తూరు జిల్లా కొండలనుంచి దిగివచ్చి, ఈ ఊరు దాటి పాలారులో కలుస్తుంది. 1911కు ముందు చిత్తూరు, వేలూరు ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా గనుక నదికి ఈ పొలిమేరల లెక్క తెలియదు. యేడాదిలో చాలాకాలం ఇసుకే కనబడే ఈ నది 2021 నవంబరులో పొంగి, గట్టున ఉన్న ఇళ్ళలో జొరబడినది. పెదనాయనగారి ముందు గదిలో మోకాలెత్తు నీరు నిలిచిందట.

ఆ గదిలోనే వారి నాయనగారి చెక్కపెట్టె ఉండినది. ఆయన లుంగీల వ్యాపారి. యుద్ధకాలంలో, అదీ 1942 డిసెంబరులో కలకత్తా మీద జపానువారి బాంబులు పడిన తరువాత కూడా, మూటలు వేసుకుని ఆ నగరానికి వెళ్ళేవారట. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. చౌరంగీలో ఒక దుకాణంలో ఏదో ప్లేటు మోగుతూంటే నిలబడిపోయి, నాలుగు కొనుక్కుని, లుంగీల మడతల మధ్య పెట్టి తెచ్చారట. మిగిలిన పెట్టెంతా నాటక పద్యాలు, హరికథలు. వాటిని మనుమలు ఎప్పుడో పంచుకున్నారు. ఈ నాలుగూ ఎవరికీ అక్కరలేకపోయినవి.

ఆ కాలపు ప్లేటు లక్కతో చేసినది. ఆ లక్క చాలావరకు మన ఛోటానాగపూరు అడవులలో చెట్టు కొమ్మల మీద పురుగులు పెట్టినదే. 1942లో మన సరుకు ఓడలు అందక అమెరికాలో లక్క వాడకాన్ని ప్రభుత్వం బిగించవలసి వచ్చినది. అక్కడ కొత్త ప్లేట్లకు కరువు వచ్చినది. మన డమ్‌డమ్ కర్మాగారంలో మాత్రం అచ్చు సాగుతూనే ఉన్నది. వరద నీరు లక్కను ఏమీ చేయలేదు, నడుమనున్న కాగితాన్ని తీసుకుపోయింది. పాట పేరు, వాయించినవారి పేరు, అన్నీ పోయినవి. నాలుగు నల్లని చక్రాలు మిగిలినవి.

"మా నాయన ఏం విని నిలబడిపోయినాడో నాకు తెలియాలి నాయనా," అన్నారు పెదనాయనగారు. వారికిప్పుడు ఎనభై దాటినవి. ఇంట్లోవారు వాటిని పాత సామానుల బండికి వేసేద్దామంటున్నారట. పేరు లేని ప్లేటును ఎవరు ఉంచుతారు?

కాగితం పోయినా ఒకటి పోదు. ప్రతి ప్లేటుకు లోపలి అంచున, పాట గీతలు ముగిసినచోట, అచ్చుమూస సంఖ్య లక్కలోనే గుచ్చి ఉంటుంది. శ్రద్ధగా చేసిన పునర్ముద్రణల అట్టల మీద తేదీ, వాద్యగాండ్ర పేర్లు, ఈ సంఖ్య అన్నీ వేస్తారు. ఇంగ్లండులో హార్లెక్విన్ వారు 1980లలో 'జాజ్ అండ్ హాట్ డాన్స్ ఇన్ ఇండియా' అని, 1926 నుంచి 1944 వరకు మన దేశంలో ముద్రించిన పాటలను ఒక లాంగ్ ప్లేగా తెచ్చారు. అది మా దగ్గర ఉన్నది. టార్చిలైటు ఏటవాలుగా వేసి, పెదనాయనగారి కోడలు అంకెలు చదువుతూంటే మేము అట్టల మీద వేలు పెట్టి వెదికాము. గంటన్నర పట్టినది. వారి కోడలికి మా ఇద్దరికంటే చూపు మేలు.

ఒకటి బెన్నీ గుడ్‌మన్. రెండు టెడ్డీ వెదర్‌ఫర్డ్. ఈయన నల్లజాతి అమెరికను పియానో విద్వాంసుడు. షాంఘైలో, బొంబాయి తాజ్‌మహల్ హోటలులో వాయించి, చివరకు కలకత్తా గ్రాండ్ హోటలులో స్థిరపడినాడు. తన బృందంలో అన్ని దేశాలవారినీ కలుపుకున్నాడు. 1945లో కలరా వచ్చి కలకత్తాలోనే పోయినాడు. ఈ మాట చెబితే పెదనాయనగారు కొంతసేపు మాట్లాడలేదు. "మా నాయన అప్పుడక్కడే ఉండి ఉంటాడు," అన్నారు.

తరువాత గ్రామఫోనుకు కీ ఇచ్చి, కొత్త ముల్లు బిగించి ప్లేటు పెట్టారు. మా పునర్ముద్రణ కంటే చప్పుడు ఎక్కువే, నిజమే. కాని పెరట్లో మగ్గం ఆడుతున్నది. నాడె అటూ ఇటూ పరుగెత్తే తాళానికీ లోపలి డ్రమ్ముల నడకకూ ఎక్కడో పొత్తు కుదిరినది. ఆ చప్పుడును పూర్తిగా తుడవడం మాకు ఇష్టం లేదు. మొదట్లో మేము ఒక చౌక సీడీ కొని మోసపోయాము. గీతలతోబాటు తాళాల గలగల కూడా తుడిచేశారు, వాద్యగాండ్రు దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టు ఉన్నది. గుడ్‌మన్ 1938 జనవరి 16న న్యూయార్కు కార్నెగీ హాలులో చేసిన కచేరీ 1950లో లాంగ్ ప్లేగా వచ్చినది. 1999లో ఫిల్ షాప్ అనే ఆయన దానిని మళ్ళీ సిద్ధం చేసినప్పుడు పాత ప్లేటు చప్పుడు తుడవక ఉంచితే కొందరు తిట్టారు, కొందరు మెచ్చుకున్నారు. మేము మెచ్చుకున్నవారిలో ఉన్నాము. మా ఇంటావిడ మాత్రం తిట్టినవారి పక్షం.

నాలుగవ ప్లేటు సంఖ్య మా అట్టల్లో ఎక్కడా దొరకలేదు. రెండుసార్లు వెదికాము. క్లారినెట్టు ఒకటి ముందుకు వచ్చి, వెనక్కి తగ్గి, మళ్ళీ వస్తుంది. అంచున చిన్న పగులు. ప్రతి చుట్టుకూ ముల్లు ఒకసారి గెంతుతుంది. మిగిలిన మూడింటికీ కోడలు తెల్లకాగితం గుండ్రంగా కత్తిరించి, పేర్లు వ్రాసి అంటించినది. నాలుగవదానికి ఏం వ్రాయమంటారని అడిగినది.

"సంఖ్య వ్రాయి అమ్మా. కింద మా నాయన పేరు వ్రాయి," అన్నారు పెదనాయనగారు.

పాత సామానుల బండి మాట ఆ తరువాత ఎవరూ ఎత్తలేదు. నాలుగవదాన్ని ఇంకొకసారి పెట్టమన్నారు, ఆ పైన మరొకసారి. మా బండి పోయినది. రాత్రి బస్సులో, అట్టలు ఒళ్ళో పెట్టుకుని వేలూరు చేరుకున్నాము.