పల్లీల పుట్టింటి నుంచి

మొదటి లేఖ: లా పాజ్, జూన్ 9

నాయనకు, ఇంటిల్లిపాదికీ,

బొలీవియా దేశానికి రాజ్యాంగం ప్రకారం రాజధాని సుక్రే నగరమే అయినా, 1899 నాటి అంతర్యుద్ధం తరువాత ప్రభుత్వమూ పార్లమెంటూ ఆండీస్ పర్వతాల నడిమి లోయలో ఉన్న లా పాజ్‌కు చేరి అక్కడే స్థిరపడ్డాయి. స్పెయిన్ వారు 1548లో నెలకొల్పిన ఈ ఊరు సముద్ర మట్టానికి సుమారు 3,640 మీటర్ల ఎత్తున ఉంటుంది. దాని నెత్తిన, పీఠభూమి అంచున పరుచుకున్న జంట నగరం ఎల్ ఆల్టో 4,000 మీటర్లు దాటుతుంది. మన ఊరు గద్వాల ఎత్తు 325 మీటర్లకు అటూ ఇటూ కాబట్టి, కృష్ణ ఒడ్డున పెరిగిన మనిషి ఒక్క ప్రయాణంలో పదకొండు రెట్లు ఎత్తుకు చేరినట్టు లెక్క.

విమానం దిగేది ఎల్ ఆల్టోలోనే. అక్కడి విమానాశ్రయం 4,061 మీటర్ల ఎత్తున ఉంది; పలచని గాలిలో విమానం పైకి లేవాలంటే ఎక్కువ వేగం అందుకోవాలి గనుక రన్‌వేను 4 కిలోమీటర్ల పొడవున వేశారు. యంత్రానికే అంత పరుగు కావలసిన చోట మనిషి ఊపిరి సంగతి చెప్పనక్కరలేదు. గాలిలో ప్రాణవాయువు పాలు ఎక్కడైనా ఒకటే, నూటికి 21. తగ్గేది గాలి ఒత్తిడి. అది లా పాజ్‌లో సముద్రతీరపు ఒత్తిడిలో మూడింట రెండు వంతులు కూడా ఉండదు, అందువల్ల ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గి, తలనొప్పి, వికారం, నిద్రలేమి, నాలుగు మెట్లకే ఆయాసం మొదలవుతాయి. స్థానికులు సొరోచే అని పిలిచే ఈ బాధకు వారు చెప్పే మందు మెల్లగా నడవడం, తక్కువ తినడం, కోకా ఆకు కాచిన నీళ్ళు తాగడం. తమలపాకులాగా బుగ్గన పెట్టుకునే ఆ ఆకు బొలీవియాలో చట్టసమ్మతమే. భారతదేశంలో మాత్రం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం దాన్ని నిషేధించింది గనుక, ఇంటికి వచ్చే పెట్టెలో ఒక్క ఆకు కూడా ఉండబోదని ముందే చెప్పడం మంచిది.

ఎత్తు అంటే ఏమిటో వంటింట్లో ఇంకా తేటగా తెలుస్తుంది. గాలి ఒత్తిడి తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది. లా పాజ్‌లో సుమారు 88 డిగ్రీలకే నీళ్ళు తెర్లుతాయి, ఆపైన మంట ఎంత పెంచినా పెరిగేది ఆవిరే తప్ప వేడి కాదు. గిన్నెలో వేసిన కందిపప్పు గంటన్నర కుతకుతమన్నా పైన నురగా అడుగున పలుకూ మిగిలి, గరిటెతో నొక్కితే గింజ పక్కకు జారుకుంటుంది తప్ప మెదగదు. అందుకే ఇక్కడి ఇళ్ళలో ప్రెషర్ కుక్కర్ సౌకర్యం కిందికి రాదు, అవసరం కిందికే వస్తుంది. అందులోనైనా గద్వాలలో మూడు కూతలకు అయ్యే పప్పుకు ఇంకో మూడు నాలుగు కూతలు కలపాలి.

ఊరు గిన్నె ఆకారంలో ఉంటుంది. కలిగినవారు గాలీ వెచ్చదనమూ ఎక్కువగా దొరికే గిన్నె అడుగున, లేనివారు అంచుల మీద కాపురముంటారు. ఈ రెంటినీ కలుపుతూ 2014 నుంచి తీగల మీద వేలాడే పెట్టెలు తిరుగుతున్నాయి. బస్సు టికెట్ కొన్నట్టే కొని ఎక్కే ఈ రోప్‌వేకు ఇప్పుడు పది మార్గాలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో రంగు పేరు. కూర్చున్నవారి పాదాల కింద ఇళ్ళ కప్పులు, ఆరేసిన బట్టలు, పెరట్లో అరిచే కుక్కలు మెల్లగా వెనక్కి జరుగుతుంటాయి.

రెండో లేఖ: లా పాజ్, జూన్ 16

నాయనకు నమస్కారములు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ సీమలో యాసంగి పంటగా పండి, మార్కెట్ యార్డుల్లో కుప్పలు పడి, పల్లీలనీ బుడ్డలనీ పిలిపించుకునే వేరుశనగకు పుట్టిల్లు ఈ దేశపు దక్షిణ భాగమూ దాన్ని ఆనుకున్న అర్జెంటీనా వాయవ్య భాగమూ అని వృక్షశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. సాగులో ఉన్న వేరుశనగ ఒక్క అడవి మొక్క నుంచి వచ్చినది కాదు. అరాకిస్ డ్యురానెన్సిస్, అరాకిస్ ఇపయెన్సిస్ అనే రెండు అడవి జాతులు కలిసి, రెంటి క్రోమోజోములూ ఒకే మొక్కలో నిలిచిపోవడం వల్ల పుట్టినది. ఆ రెండో జాతి దక్షిణ బొలీవియాలో ఒకే ఒక్క చోట దొరికింది. రెంటిలో ఒకదాని గింజలను పూర్వకాలపు మనుషులే మరొకదాని దగ్గరికి మోసుకొచ్చి ఉంటారనీ, ఆ పొరుగుతనం వల్లే ఈ పంట పుట్టిందనీ 2016లో రెంటి జన్యుపటాలను వెలువరించిన శాస్త్రజ్ఞులు అభిప్రాయపడ్డారు. అంటే వలస ఈ గింజకు తరువాత పట్టిన రాత కాదు, పుట్టుకలోనే ఉంది.

దాని ప్రాచీనతకు పెరూ దేశం సాక్ష్యం పలుకుతుంది. అక్కడి తవ్వకాల్లో ఏడు వేల ఏళ్ళు పైబడిన వేరుశనగ పొట్టు దొరికింది. 1987లో సిపాన్ అనే చోట బయటపడిన మోచే నాగరికత నాటి ప్రభువు సమాధిలో, బంగారంతో కొన్ని, వెండితో కొన్ని చేసిన పల్లికాయల హారం ఉంది. ఆ కాయల నడుము నొక్కు, పెంకు మీది గీతలు ఎంత సహజంగా ఉన్నాయంటే, యార్డులో కాయను బొటనవేలితో పగలగొట్టి పప్పు చూసే ఖరీదుదారు కూడా వాటిని రెండోసారి చూడవలసి వస్తుంది. మన పాలమూరు సీమలో పల్లికాయను మెడలో వేసుకోదగిన వస్తువుగా భావించినవారు ఉన్నట్టు లేదు. తేమ ఎంత, నూనె ఎంత అన్న లెక్కతోనే దాని మర్యాద ముగుస్తుంది.

తెలుగు పేరు విషయంలో కూడా ఒక పొరపాటు ఉంది. వేరుశనగ వేరూ కాదు, శనగా కాదు. పువ్వు నేలకు పైనే పూస్తుంది, ఆపైన దాని అడుగు భాగం ఊడగా సాగి, మట్టిలోకి దిగి, అక్కడ కాయ కడుతుంది. రైతులు ఊడలు దిగే దశ అని సరిగ్గానే పట్టుకున్నారు, ఆ దశలోనే జిప్సం వేస్తారు. పేరు పెట్టినవారే మడిలో కాసేపు వంగి చూడలేదు.

లా పాజ్‌లోని రోద్రిగేస్ అంగడిలో ఈ గింజ బస్తాల్లోనూ గంపల్లోనూ కనిపిస్తుంది. అమ్మేవారు ఎక్కువగా ఐమారా స్త్రీలు. ఐమారా అంటే టిటికాకా సరస్సు చుట్టూ ఉన్న పీఠభూమి మూలవాసుల జాతి పేరూ, వారి భాష పేరూ. కుచ్చిళ్ళు పోసిన పెద్ద గాగ్రా, నెత్తిన చిన్న గుండ్రటి టోపీ, వీపున రంగురంగుల మూటగుడ్డ వారి వేషం. ఆ మూటగుడ్డను రెండు సగాలుగా వేరువేరుగా నేసి నడుమ కలిపి కుడతారు. నూలు ఒంటినీ పట్టు అంచునూ మగ్గం మీదే ముడివేసి కలిపే గద్వాల నేతగాడికి ఆ నడిమి కుట్టు కాస్త తొందర పనిలా తోచినా, రంగుల పొందికకు మాత్రం అతడు తల పంకించక తప్పదు. అమ్మేవారూ కొనేవారూ ఒకరినొకరు కసెరీతా అని పిలుచుకుంటారు, వాడుకగా వచ్చే మనిషి అని దాని భావం. తూకం అయ్యాక కొనేవారు యాపా అడుగుతారు. యాపా అంటే కొసరు. తులం కూడా ఎక్కువ తూగనివ్వని మనిషి, ఆ మాట వినగానే గుప్పెడు పల్లీలు తీసి సంచిలో పడేస్తుంది. గుప్పెడు నిండుగా పైకి లేచి, సంచి మూతి దగ్గరకు వచ్చేసరికి వేళ్ళ సందుల్లోంచి సగం బస్తాలోకే జారిపోవడం గద్వాలలోనూ చూసేదే.

ఇక్కడి పల్లి ముఖ్యంగా చారులోకి వెళ్తుంది. సోపా దే మనీ అనే ఈ చారుకు కొచబాంబా లోయ పెట్టింది పేరు. మనీ అంటే పల్లి, కరేబియన్ దీవుల తైనో ప్రజల మాటను స్పెయిన్ వారు తీసుకున్నారు. వేయించని పచ్చి పల్లీలను మెత్తగా నూరి, మాంసమో కోడో ఉడికిన నీళ్ళలో కలిపి, పచ్చిదనం పోయేదాకా సన్నని సెగ మీద కాగనిస్తారు, చివర వేయించిన ఆలుగడ్డ ముక్కలు చల్లుతారు. పల్లీలను వేయించకుండా పొయ్యి మీదికి ఎక్కించడం పాలమూరు వంటకత్తెకు అపచారంగా తోచవచ్చు. చింతపండు లేని పులుసు అని ఆమె దీనికి పేరు పెట్టినా తప్పు పట్టలేం. పక్కన పెట్టే యాహ్వా అనే పచ్చడికి మాత్రం ఆమె వంక పెట్టలేదు: లొకోతో అనే మిరపను టమాటతో కలిపి, వెడల్పాటి బండ మీద అర్ధచంద్రాకారపు బరువు రాయిని ఉయ్యాల ఊపినట్టు అటూ ఇటూ ఊపుతూ నూరుతారు. లొకోతో గింజలు నల్లగా, పువ్వు ఊదాగా, ఆకు నూగుగా ఉంటుంది. కారం మాత్రం మొగమాటం లేనిది.

మూడో లేఖ: లా పాజ్, జూన్ 20

2009 నాటి బొలీవియా రాజ్యాంగం స్పానిష్‌తో పాటు 36 మూలవాసుల భాషలను అధికార భాషలుగా గుర్తించింది. వాటిలో ఐమారా ధోరణి తెలుగువారికి వింతగా దగ్గరనిపిస్తుంది, ఎందుకంటే అందులోనూ క్రియ సాధారణంగా వాక్యం చివరికే వస్తుంది, విభక్తులు మాట వెనుకే అతుక్కుంటాయి: ఉత అంటే ఇల్లు, ఉతరు అంటే ఇంటికి, ఉతన అంటే ఇంట్లో, ఉతత అంటే ఇంటి నుంచి. రెండు భాషలకూ చుట్టరికం ఏమీ లేదు. పోలిక కట్టుబడిలో మాత్రమే.

కాలం విషయంలో ఐమారా ప్రసిద్ధి వేరు. నైర అంటే కన్ను, ముందు, గతం. ఖిప అంటే వీపు, వెనుక, భవిష్యత్తు. జరిగిపోయింది కళ్ళెదుట కనిపిస్తుంది గనుక ముందుంటుంది, రాబోయేది కనిపించదు గనుక వీపు వెనుక ఉంటుంది. పాత సంగతులు చెప్పేటప్పుడు ముసలివారు చేతిని ముందుకు చాచడాన్ని రఫాయెల్ నూన్యెస్, ఈవ్ స్వీట్సర్ అనే పరిశోధకులు 2006లో విశదంగా వివరించాక భాషాశాస్త్రంలో దీనికి పేరొచ్చింది. ప్రపంచంలో ఇలాంటిది మరొకటి అరుదని వారి మాట. అయితే తెలుగు కూడా ఈ విషయంలో నిలకడగా లేదని గమనించాలి. ముందు ముందు ఏమవుతుందో అంటే రాబోయే కాలం, అంతకు ముందు ఏమైందో అంటే గడిచిన కాలం. వెనకటికి ఒక రాజుండేవాడు, ఆ వెనక ఆయన కొడుకు వచ్చాడు. తెలుగు మాట్లాడేవారు రోజుకు పదిసార్లు అటు తిరిగి ఇటు తిరిగి, తల తిరగకుండా నెట్టుకొస్తున్నారు.

లా పాజ్‌లోని మురీయో కూడలిలో పార్లమెంటు భవనం మీది గడియారం ముళ్ళను 2014లో ఎడమవైపు తిరిగేలా మార్చారు. భూమధ్యరేఖకు దక్షిణాన నీడ తిరిగే దిక్కు అదే కాబట్టి తమ గడియారమూ అలాగే తిరగాలన్నది అప్పటి ప్రభుత్వ వాదన. వాదన సబబే, టైము చూసుకోవడానికి మాత్రం జనం చేతిలోని ఫోనే తీస్తున్నారు. ఆ ఫోనులో ఇక్కడి రాత్రి ఎనిమిదిన్నరకు గద్వాలలో తెల్లవారి ఆరవుతుంది.

నాలుగో లేఖ: ఎల్ ఆల్టో, జూన్ 27

ఎల్ ఆల్టో ఊరి కథ పాలమూరు వారికి విడమరచి చెప్పనక్కరలేదు. 1985లో తగరం ధర కుప్పకూలి, ప్రభుత్వ గనుల్లోంచి 20 వేల మందికి పైగా కార్మికులను తొలగించినప్పుడు, గనుల ఊళ్ళనూ ఎండిన పొలాలనూ వదిలినవారు ఈ చలి పీఠభూమి మీద ఇటుక గోడలు లేపారు. 2012 జనాభా లెక్కల నాటికి ఇది లా పాజ్‌నే మించిపోయింది. గుంపుమేస్త్రీ వెంట వెళ్ళి దేశమంతటా డ్యాములు కట్టిన పాలమూరు కూలీ పని ముగియగానే తిరిగి వచ్చేవాడు, రాలేకపోయినా రావాలనుకునేవాడు. ఇక్కడివారు తిరిగి వెళ్ళలేదు, వచ్చిన చోటే ఊరు చేసుకున్నారు. గురువారం, ఆదివారం జరిగే అంగడిలో మేకు నుంచి మోటారు బండి దాకా అన్నీ దొరుకుతాయి.

ఈ నెలలో రాత్రుళ్ళు నీరు గడ్డకడుతుంది. ఆ చలినే పనిముట్టుగా చేసుకుని పల్లెవారు ఆలుగడ్డలను గడ్డి మీద పరిచి మంచుకు వదిలేస్తారు. పగలు మెత్తబడినవాటిని ఉత్త కాళ్ళతో తొక్కి నీరు పిండి, మళ్ళీ చలికీ ఎండకూ ఆరబెడతారు. కొన్ని రోజులకు ఆలుగడ్డ తేలికై, గులకరాయిలా నల్లబడుతుంది. చూన్యో అనే ఈ ఒరుగు ఏళ్ళ తరబడి చెడదు. నోట్లో మొదట మట్టి వాసన, తరువాత స్పాంజిలాంటి మెత్తదనం. అలవాటు కావడానికి వారం చాలదు.

కొచబాంబా వైపు నుంచి పల్లి విత్తనం పిడికెడైనా తెమ్మని నాయన కోరిక. మొక్కల క్వారంటైన్‌కు సంబంధించిన 2003 నాటి ఉత్తర్వు ప్రకారం అనుమతి, తనిఖీ లేకుండా విత్తనం భారతదేశంలోకి తేవడం కుదరదు. తెగులు గింజలోనే దాగి ప్రయాణించగలదు కాబట్టి ఆ నియమం న్యాయమైనదే. అదీగాక బొలీవియా విత్తనం దారి కనుక్కుని ఎన్నడో వచ్చేసింది. 1970ల చివరలో ఈ దేశంలో సేకరించిన అరాకిస్ కార్దెనాసి అనే అడవి వేరుశనగకు ఆకుమచ్చ తెగులునూ తుప్పు తెగులునూ తట్టుకునే గుణం ఉంది. దాన్ని సాగు వేరుశనగతో సంకరం చేసి పుట్టించిన వంగడాల నుంచి వచ్చినదే ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయపు జీపీబీడీ-4. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పంటల పరిశోధనా సంస్థ విత్తన నిధిలో 15 వేలకు పైగా వేరుశనగ నమూనాలు చల్లని గదుల్లో భద్రంగా ఉన్నాయి. నాయన యార్డు పని మీద హైదరాబాదు వెళ్ళినప్పుడు బస్సులో ఇంకొంచెం ముందుకు పోతే ఆ గేటు కనిపిస్తుంది.

రేపటి బస్సు కొచబాంబాకు. అక్కడ ఎత్తు 2,500 మీటర్ల చిల్లరే కాబట్టి పప్పు కొంత త్వరగా ఉడుకుతుంది.