గొంతుకు చిరునామా

పాట గాలిలో పుట్టి గాలిలోనే కలసిపోవునది. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును నిర్మించిన తరువాతనే మనిషి గొంతు మనిషిని మించి బ్రతుకుట ఆరంభమైనది. అయితే గొంతును నిలుపుట యంత్రము పని. ఆ గొంతు ఎవరిదో నిలుపుట మనుష్యుల పని. మొదటిదానికి డబ్బు కావలెను, రెండవదానికి నీతి కావలెను. ఏ అనుభవమూ లేకుండ ఒక చిన్న రికార్డు సంస్థను స్థాపించిన మాకు తెలిసివచ్చిన సత్యమిది.

మేము నలుగురము ఈ కళాశాల పూర్వవిద్యార్థులము. ఇద్దరి ఇంటిభాష ఉర్దూ, ఇద్దరిది తెలుగు. పగలంతయు హైటెక్ సిటీలో కంప్యూటర్ల ముందు కొలువు. 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటినుండి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతముల రాళ్ళగుట్టల నడుమ అద్దాలమేడలు లేచినవి. దేశదేశాల కంపెనీల లెక్కలు ఇక్కడ భద్రముగ ఉండును గాని, పాతబస్తీ గల్లీలో గజల్ పాడు వృద్ధుని గొంతును భద్రపరచినవారు లేరు. ఆ లోటు మమ్ము కదిలించినది. సంగీత వ్యాపారము ఎరిగినవారు మాలో ఒక్కరును లేరు. ఉన్నదల్లా జీతములలో మిగిలిన కొంత పైకము, ఒక మైకు, ఒక ల్యాప్‌టాప్, మాదాపూర్ హాస్టళ్ళ వెనుక సందులో ఒక అద్దెగది.

గది గోడలకు బొంతలు వ్రేలాడదీసినాము; ప్రతిధ్వని అణగినది. వీధి మాత్రము అణగలేదు. పగలు బండలు పగులగొట్టు చప్పుడు, జనరేటర్ల హోరు. రాత్రి విదేశాల వేళలకు పనిచేయువారిని చేరవేయు క్యాబుల రాకపోకలు. కొన్ని వారములు చెవియొగ్గి వినగా, ఆ సందుకు నిశ్శబ్దము ఆదివారము తెల్లవారుజామున మూడు గంటలనుండి ఫజర్ అజాన్ వరకే అని తేలినది. ఆ కొద్ది సమయమే మా స్టూడియో.

పాడుటకు అంగీకరించిన ఉస్తాద్‌గారికి 70 ఏండ్లు దాటినవి. వారు క్యాసెట్ల కాలములో ఒక సంస్థకు పాడినారు. ఒక్కమారు కొంత మొత్తము చేతిలో పెట్టి, వారికి రాని ఇంగ్లీషులో ఉన్న కాగితముపై సంతకము తీసుకొన్నారట. ఆ క్యాసెట్టు ఎన్నో ఇండ్లలో మ్రోగినది. అట్టపై వారి పేరు మాత్రము లేదు. మేము ఎంత ఇచ్చుకోగలమో చెప్పబోగా వారు వారించి, "పైసల మాట తరువాత బేటా, నా పేరు ఎక్కడ వ్రాస్తారో ముందు చెప్పండి" అన్నారు.

ఆ ప్రశ్న మన దేశపు రికార్డులంత పాతది. 1902లో గైస్‌బర్గ్ అను గ్రామఫోన్ నిపుణుడు కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలను ముద్రించినాడు. ఆ మైనపు పలకలు జర్మనీలోని హానోవర్‌కు పోయి రికార్డులై తిరిగి రావలెను. పాడినదెవరో అక్కడి పనివారికి తెలియుటకు ఆమె పాట చివర తన పేరును ఇంగ్లీషులో తానే చెప్పెడిది. లేబులు చినిగినను పేరు పాటలోనే నిలిచినది.

మేము 1957 నాటి కాపీరైటు చట్టమును, 2012లో దానికి జరిగిన సవరణను చదువుటకు కూర్చున్నాము. గాలిబ్ గజళ్ళను ఉర్దూలో పాడించి, వెంటనే దాశరథి కృష్ణమాచార్యగారి "గాలిబ్ గీతాలు" నుండి తెలుగు వినిపించవలెనని మా తలపు. గాలిబ్ 1869లో గతించినారు. ఆ ఉర్దూ నేడు అందరిది. కాని రచయిత మరణించిన మరుసటి సంవత్సరారంభము నుండి 60 ఏండ్లు హక్కు నిలుచును. 1987లో గతించిన దాశరథిగారి తెలుగుపై అది 2047 చివరివరకు ఉండును. 1969లో కన్నుమూసిన మఖ్దూం మొహియుద్దీన్‌గారి కవితలపై 2029 చివరివరకు. అందుచేత మాలో ఒకరు గాలిబ్‌ను కొత్తగా తెలుగు చేసినారు.

ఒప్పందమును ఉర్దూలో, తెలుగులో వ్రాసి ఉస్తాద్‌గారికి చదివి వినిపించినాము. కాలపరిమితి వ్రాయనిచో హక్కుల బదిలీ 5 ఏండ్లకే చెల్లునని చట్టము చెప్పును; మేము ఆ 5 ఏండ్లనే స్పష్టముగ వ్రాసినాము. కవి, స్వరకర్తల రాయల్టీ హక్కును సంస్థ వ్రాయించుకొనజాలదు. అందు సమానభాగము వారిదే. గాయకునికిని రాయల్టీ హక్కును 2012 సవరణ ఇచ్చినది. బాణీలు కూడ ఉస్తాద్‌గారివే గనుక రెండు భాగములును వారికి చెందినవి.

ప్రతి పాటకు 12 అక్షరాంకెల ఐఎస్ఆర్‌సి గుర్తు ఉండును. అంతర్జాలములో పాటను ఉంచునపుడు గాయకుడు, కవి, స్వరకర్త అని వేర్వేరు గడులు నింపవలెను. పేర్లు అరకొరగా నింపినను పాట హాయిగ వినబడును. పేర్లు మాయమగుచున్నది అక్కడనే. మేము ఒక్కొక్క గడిని ముగ్గురము సరిచూచినాము. గౌహర్ జాన్ వృత్తాంతము విన్న ఉస్తాద్‌గారు చివరి గజల్ ముగియగానే నవ్వుచు తమ పేరు తామే పలికినారు. దానిని తొలగించలేదు.

మొదటి మూడు మాసముల రాబడి గది అద్దెకైనను చాలలేదు. అయినను లెక్క వ్రాసి వారి భాగము వారికి అందజేసినాము. వారు నోట్లను మనుమనికిచ్చి, లెక్క కాగితమును మాత్రము మడిచి షేర్వానీ జేబులో దాచుకొన్నారు. ఇన్నేండ్ల గానజీవితములో తమకు అందిన మొదటి లెక్క అదేనట.

సోదర విద్యార్థులారా! మీ వాడలలో, మీ ఇండ్లలో ఇట్టి గొంతులు ఉండితీరును. అనుభవము లేదని వెనుదీయకుడు. అనుభవము పనిలో వచ్చును. గొంతును ముద్రించుటకు ముందు పేరు అడిగి వ్రాసికొనుడు, మాట ఇచ్చుటకు ముందు లెక్కపుస్తకము తెరువుడు. చిన్న సంస్థకు ఉన్న పెద్ద మూలధనము ఇదియే.