గట్టుమీది మొక్క – కానరాని కాపురము

నిజామాబాదు నుండి బోధను వైపు పోవు బాటసారికి ఆ ప్రాంతమున రెండు విధములైన నేలలు కనబడును. ఒకటి నల్లని రేగడి. రెండవది ఎఱ్ఱని చెల్క. ఆ నేలలలో రైతు వేసిన పైరును ఎల్లరును చూతురు. గట్టుమీద ఎవరును విత్తకయే మొలచిన వెంపలి మొక్కను, మంజీర ఒడ్డున తెల్లని కుచ్చులతో తలలూపు రెల్లును లెక్కించువారు అరుదు. కాని ఆ మొక్కలను ఆశ్రయించి కంటికి కానరాని ప్రజ ఒకటి కాపురమున్నది. ఆ ప్రజయే సూక్ష్మజీవులు.

మొక్క వేళ్లు చక్కెరలను, ఆమ్లములను కొద్దికొద్దిగా మట్టిలోనికి విడుచును. వానికొఱకు బాక్టీరియాలును శిలీంధ్రములును వేళ్లచుట్టు మూగును. వేళ్లను అంటియున్న ఈ మట్టికి 1904లో హిల్ట్‌నర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ప్రత్యేకముగా ఒక పేరు పెట్టెను. అయితే మొక్క విందు పెట్టినంత మాత్రమున అన్ని జీవులును రావు. ఆ నేలలో ఉన్నవే వచ్చును. అచ్చటి ఎండవానలకు తాళగలిగినవే నిలుచును.

రేగడి క్షారగుణము కలది, నీటిని పట్టియుంచును, వేసవిలో బీటలువారును. నల్లరాతి శిథిలముల నుండి అది పుట్టినది. చెల్కలో ఇసుకపాలు ఎక్కువ. అది త్వరగా ఆరిపోవును. నేలయందలి ఆమ్లక్షార గుణములు సూక్ష్మజీవుల జాతులను నిర్ణయించు కారణములలో ముఖ్యమైనవి. ఆమ్లగుణము హెచ్చిన నేలలో శిలీంధ్రముల పాలు పెరుగును. బాక్టీరియాలకు సాధారణముగా ఆమ్లము సరిపడదు. కావున రేగడిలోని వెంపలియు, చెల్కలోని వెంపలియు ఒకే తల్లి బిడ్డలయినను, వాని వేళ్లచుట్టు చేరిన ప్రజ ఒక్కటి కానక్కరలేదు.

ఎండయు తన వంతు ఏరివేత చేయును. ఆకులపై వసించు బాక్టీరియాలలో పెక్కింటికి గులాబి, పసుపు వన్నెలు కలవు. ఆ రంగులే వానికి ఎండ తాకిడి నుండి గొడుగులు. మట్టిలోని కొన్ని జీవులు సిద్ధబీజములుగా మారి, వేసవి అంతయు నిద్రించి, వాన పడగానే మేల్కొనును. తొలకరి చినుకులకు లేచు కమ్మని మట్టివాసనలో స్ట్రెప్టోమైసిస్ అను జాతి చేసిన పదార్థము కలదు. ఆ జాతికి చెందిన ఒక జీవి నుండియే ఆరియోమైసిన్ అను మందు పుట్టి, 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. దానిని కనుగొన్నవాడు డగ్గర్. ఆ పరిశోధనశాలకు నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

మొక్క స్వభావమునకును ఇందు పాత్ర కలదు. వెంపలి వేళ్లపై చిన్న బొడిపెలుండును. వానిలోని బాక్టీరియాలు గాలియందలి నత్రజనిని మొక్కకు ఆహారముగా మార్చును. అట్టి బాక్టీరియాలను 1888లో బైజరింక్ వేరుచేసి చూపెను. ఆ పేరును ఎరుగకపోయినను, వెంపలి రొట్టను పొలమున తొక్కించిన రైతు దాని ఫలమును ఎరుగును. తంగేడును వెంపలి కుటుంబమునకు చెందినదే. కాని దాని వేళ్లపై అట్టి బొడిపెలు సాధారణముగా కానరావు.

రెల్లు చెరకునకు అడవి బంధువు. 1912లో కోయంబత్తూరున నెలకొన్న చెరకు పరిశోధన కేంద్రమున బార్బరు, వెంకట్రామన్ అను శాస్త్రజ్ఞులు చెరకును రెల్లుతో సంకరపరచి కొత్త వంగడములను సాధించిరి. రెల్లు గట్టిదనము అట్లు చెరకునకు అబ్బెను. తరువాత 1988లో, బ్రెజిల్ దేశమున జోహన్నా డోబెరీనర్, ఆమె సహచరులు, చెరకు లోపలనే వసించి నత్రజనిని స్థిరపరచు బాక్టీరియాను ప్రకటించిరి. మిక్కిలి తియ్యని రసములోనే అది వర్ధిల్లును. మొక్కకు దొరికిన మేలు దాని వంశమునందే కాక, దానిలో కాపురమున్న జీవులయందును ఉండునని దీనివలన తెలిసెను.

బోధను నేలపై మనుష్యుడు తెచ్చిన మార్పులు పెద్దవి. 1931లో నిజాంసాగరు పూర్తియయ్యెను. వానను నమ్మిన నేలకు కాలువ నీరు వచ్చెను. 1937లో చక్కెర కర్మాగారము స్థాపింపబడెను, చెరకు విస్తరించెను. 2015 డిసెంబరున ఆ కర్మాగారము మూతపడగా, చెరకు తగ్గి వరి మడులు పెరిగినవి. నీరు నిలిచిన మడిలో గాలి చొరదు. గాలి కావలసిన జీవులు తగ్గి, గాలి లేకయే బ్రతుకునవి హెచ్చును. పైరు మారినప్పుడెల్ల భూమిలోని ప్రజయు మారుచున్నది.

ఇట్టి మార్పులు సోకని పాత నేల గట్లమీదను, వాగు ఒడ్డులందును మాత్రమే కొంత మిగిలియున్నది. అచ్చటి మొక్కలు ఎవరును ఎరువు వేయకయే, నీరు పెట్టకయే బ్రతుకుచున్నవి. వానికి తోడైన జీవులు ఆ ఎండకును ఆ మట్టికిని అలవాటుపడినవి. కలుపుమందు చల్లి, నిప్పుపెట్టి ఆ గట్టును చదునుచేసినచో, ఆ జీవులలో ఎన్ని నశించెనో లెక్కించువారుండరు. వానకాలమున ఒక వెంపలి మొక్కను మట్టితో సహా పెల్లగించి, బొడిపెను గోటితో చీల్చి చూచిన విద్యార్థికి లోపల ఎఱ్ఱని రంగు కనబడును. ఆ రంగు ఉన్నంతవరకు అందు పని జరుగుచున్నదని గుర్తు.